ఎవరబ్బాయివిరా?

మా ఊళ్లో చిన్నపిల్లల్ని ఎవరూ పేరు అడిగేవాళ్లు కాదు. రచ్చబండ మీద చుట్ట కాల్చుకుంటున్న ముసలాయనైనా, ఎడ్లబండి మీద ఎదురొచ్చిన పొరుగూరి రైతైనా వేసేది ఒకటే ప్రశ్న. "ఎవరబ్బాయివిరా?" నాన్న పేరు చెప్పేవాణ్ని. అది చాలేది కాదు. "ఏ వీధోళ్లు? మీ తాత పేరేంది?" అని ఇంకో రెండు ప్రశ్నలు పడేవి. తాత పేరు, ఇంటిపేరు, అమ్మ పుట్టినూరు అన్నీ అయ్యాక అప్పుడు ఆ ముఖం విచ్చుకునేది. "ఓరి నీ! మీ నాయనమ్మ మా మేనత్తకి తోడికోడలవుద్ది గదంట్రా" అంటూ బుగ్గ పుణికేవాళ్లు. అంతసేపూ వాళ్ల దృష్టిలో నేను లేను. ఆ మాటతో ఉన్నాను. నా సొంత పేరు మాత్రం చివరిదాకా ఎవరికీ అవసరం పడేది కాదు.

మా ఊరు మార్టూరుకీ చిలకలూరిపేటకీ నడుమ. నల్లరేగడి నేల. వాన పడితే చెప్పు మట్టిలోనే ఉండిపోతుంది, వేసవిలో కాలు దిగేంత నెర్రెలు విచ్చుతుంది. 1970 దాకా మాది గుంటూరు జిల్లా. ఆ ఏడాది ఒంగోలు జిల్లా అయింది, 1972లో దానికే ప్రకాశం అని పేరు పెట్టారు. 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లా. ఊరు మాత్రం ఉన్నచోటు నుంచి అంగుళం కదల్లేదు. నేను పుట్టింది 1976లో. ఏ జిల్లా అని ఎవరైనా అడిగితే ఇప్పటికీ ఒక్క క్షణం ఆగి చెప్తాను.

అరుణాచలంలో రమణ మహర్షి తన దగ్గరికి వచ్చినవాళ్లను వేసుకోమన్న ప్రశ్న "నేనెవరు" అన్నది. మా ప్రాంతం నుంచి ఆ ప్రశ్న పట్టుకుని అటు వెళ్లినవాళ్లు చాలామందే ఉన్నారు. బెజవాడలో ఉండే రచయిత చలం కూడా 1950లో ఇల్లు సర్దుకుని వెళ్లిపోయాడు. ఇరవయ్యేళ్ల వయసులో ఆ ప్రశ్న నన్నూ పట్టుకుంది. కళ్లు మూసుకుని కూర్చుని లోపలికి చూసుకోబోతే నాకు మౌనం దొరకలేదు. రచ్చబండ దొరికింది, కల్లం దొరికింది, నాయనమ్మ గొంతు దొరికింది. అది నా సాధనలో లోపమని చాలాకాలం బాధపడ్డాను. ఇప్పుడలా అనుకోవడం లేదు.

1970లో గోర్డన్ గాలప్ అనే అమెరికన్ శాస్త్రవేత్త చింపాంజీలకు కొన్నాళ్లు అద్దం అలవాటు చేసి, తర్వాత మత్తిచ్చి ముఖం మీద ఎర్రరంగు చుక్క పెట్టాడు. మెలకువ వచ్చాక అవి అద్దంలో చూసుకుని తమ ముఖాన్నే తడుముకున్నాయి. ఆ కనిపించేది తామేనని వాటికి తెలుసన్నమాట. ఈ సంగతి అందరూ చెప్తారు. ఆ మరుసటి ఏడాది జరిగింది మాత్రం తక్కువమంది చెప్తారు. తోటి చింపాంజీల పొత్తు లేకుండా ఒంటరిగా పెరిగినవాటికి అదే పరీక్ష పెడితే, అవి తమని తాము గుర్తుపట్టలేదు. వాటి ముందున్నదీ అదే అద్దం. అది చదివిన రాత్రి నాకు మా కల్లం గుర్తొచ్చింది.

సంక్రాంతి వెళ్లాక మిరప కోతలు ఊపందుకునేవి. పండుకాయ కోసుకొచ్చి పరిస్తే ఊరి చివర నేలంతా ఎర్రబడేది. పొద్దున పూట కాళ్లతో కాయ తిరగేస్తూ వరసలు వరసలుగా నడవాలి. సాయంత్రం మంచు తగలకుండా కుప్ప చేసి పట్టా కప్పాలి. గుప్పెడు కాయ పట్టి చెవి దగ్గర ఊపితే గింజ గలగలలాడాలి, అప్పుడే ఎండినట్టు. ఆ తర్వాత తాలు ఏరడం. తాలంటే రంగు పోయి తెల్లబారిన కాయ. టిక్కీలో తాలు కనపడిందంటే గుంటూరు యార్డులో ధర పడిపోతుంది. అందుకని పదిమంది ఆడవాళ్లు కుప్ప చుట్టూ కూర్చుని, ముక్కుకి అడ్డంగా చెంగు కట్టుకుని, పొద్దు గూకేదాకా ఒక్కో కాయా చూసి వేరుచేసేవాళ్లు.

మిరప మంట పైకి కనపడేది కాదు. కోసినా కాల్చినా గాయం కనపడుతుంది, జాలిపడటానికి ఒక చోటు ఉంటుంది. మిరపకి అదేం లేదు. గోళ్ల చుట్టూ సన్నగా మొదలై రాత్రికి మోచేతులదాకా పాకుతుంది. నీళ్లతో ఎంత కడిగినా పోదు. కారంలో ఉండే మంట సరుకు నీళ్లలో కరగదనీ, నూనెలో కరుగుతుందనీ నేను కాలేజీలో చదువుకున్నాను. ఆ ఆడవాళ్లు ఏ పుస్తకమూ చదవకుండానే ఇంటికి పోయి చేతులకి ఆముదమో పుల్లమజ్జిగో రాసుకునేవాళ్లు. ఆ చేతులతో చంటిబిడ్డల్ని ఎత్తుకోవడానికి భయపడేవాళ్లు.

కల్లంలో నా పని నీళ్లు పోయడం. బడి లేని రోజు నాన్న ఆ పని నాకు అప్పజెప్పేవాడు. వేపచెట్టు కింద కుండ, కొమ్మకి తగిలించిన సంచిలో నాలుగు స్టీలు గ్లాసులు ఉండేవి. గ్లాసులు మావాళ్లకి. దళితుల పల్లె నుంచి వచ్చిన కూలివాళ్లు దోసిలి పట్టేవాళ్లు, నేను చెంబు ఎత్తి పట్టుకుని తగలకుండా పైనుంచి పోసేవాణ్ని. పైనుంచి పోయాలని నాకు ఎవరూ నేర్పలేదు. నడక ఎలా వచ్చిందో అదీ అలాగే వచ్చింది.

వాళ్లలో ఒకావిడ అమ్మకంటే పెద్దది. నేను ఆవిణ్ని "ఏమే" అనేవాణ్ని. ఆవిడ నన్ను "అబ్బాయిగారూ" అనేది. 1985 ఎండాకాలం, నాకు తొమ్మిదేళ్లు. మధ్యాహ్నం పూట ఆవిడ దోసిలి పట్టింది, నేను పోస్తున్నాను. రెండు గుక్కలు తాగి ఆపేసింది. నీళ్లు వేళ్ల సందుల్లోంచి నేలకి కారిపోతున్నాయి. తలెత్తి, మామూలుగానే, కోపం లేకుండా అంది: "కారం చేతులయ్యా అబ్బాయిగారూ. దోసిట్లో తాగితే నోరు కూడా మండుద్ది. ఒక గ్లాసుంటే బాగుండు."

నేను కొమ్మకున్న సంచి వంక చూశాను. తర్వాత గట్టు మీద కూర్చున్న నాయనమ్మ వంక చూశాను. నాయనమ్మ ఇటు చూడటం లేదు. మళ్లీ ఇటు తిరిగేసరికి, నేను చూసిన ఆ రెండు చూపులనీ ఆవిడ చూసిందని నాకు తెలిసింది. ఆవిడ ఇంకేం అనలేదు. చేతులు చీరకి తుడుచుకుని మళ్లీ దోసిలి పట్టింది. నేను మళ్లీ పైనుంచి పోశాను.

నాకు నేను తెలిసింది ఆ క్షణంలోనే. అప్పటిదాకా నేను పరిగెత్తాను, ఏడ్చాను, తిన్నాను, కానీ నన్ను నేను చూసుకోలేదు. చెంబు పట్టుకున్న ఒక పిల్లవాడు బయటినుంచి, కింది నుంచి, ఆవిడ కళ్ల ఎత్తు నుంచి కనిపించాడు. వాడి చెయ్యి పైకెత్తి ఉంది. చెవులు వేడెక్కాయి. సిగ్గు అనే మాట తెలుసుగానీ అది ఒంట్లో ఎక్కడ పుడుతుందో అప్పుడే తెలిసింది. తర్వాత చదివిన ఏ తత్వశాస్త్రమూ నాకు అంతకంటే ముందు మెట్టు చూపించలేదు.

ఆ జూలైలో కారంచేడు జరిగింది. మాకు దగ్గర ఊరే. తాగునీటి చెరువు దగ్గర మొదలైన తగాదా, మర్నాడు, జూలై 17న, ఆరుగురు దళితుల ప్రాణాలు తీసింది. మిగిలినవాళ్లు ప్రాణాలు అరచేత పట్టుకుని చీరాలకి పారిపోయి శిబిరాల్లో తలదాచుకున్నారు. ఆ ఏడే కత్తి పద్మారావు, బొజ్జా తారకం లాంటివాళ్లు దళిత మహాసభ పెట్టారు. ఇవన్నీ పెద్దయ్యాక చదివినవి. అప్పుడు నాకు తెలిసింది ఇంతే: పెద్దవాళ్లు నన్ను చూసి మాట ఆపేసేవాళ్లు, పల్లె నుంచి పనికి ఎవరూ వచ్చేవాళ్లు కాదు. గొడవ నీళ్ల దగ్గర మొదలైందని ఎవరో అన్నప్పుడు నా చేతిలో చెంబు ఉన్నట్టే అనిపించింది. ఎవరితోనూ చెప్పలేదు.

"ఎవరబ్బాయివిరా" అనే ప్రశ్నకి ఇంకో ముఖం ఉందని అప్పటినుంచి కనపడటం మొదలైంది. బడిలో మా తెలుగు మాస్టారు కవి జాషువా పాఠం చెప్పేటప్పుడు ఆయన వినుకొండలో పుట్టాడని, మనవాడేనని గర్వంగా చెప్పేవారు. జాషువా పుట్టింది 1895లో. తండ్రి యాదవుడు, తల్లి మాదిగ, ఇల్లు క్రైస్తవం. ఆ మనిషికి జీవితమంతా ఎదురైన ప్రశ్న ఇదే. ఎవరి అబ్బాయివి? జవాబు విన్న ముఖం విచ్చుకునేది కాదు, ముడుచుకునేది. 1941లో ఆయన గబ్బిలం రాశాడు. అందులో గుళ్లోకి అడుగుపెట్టలేనివాడు తన గోడు శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు, గబ్బిలాన్ని గుళ్లో ఎవరూ అడ్డుకోరు కాబట్టి. మనసులో మాట అందుకోవడానికి ఊళ్లో ఒక్క మనిషీ లేకపోవడం ఎంత ఒంటరితనం! నన్ను ఊరికి కలిపిన ప్రశ్నే మా బడిలో ఇంకో బెంచీ మీద కూర్చున్నవాణ్ని ఊరి నుంచి విడదీసేది. మా మాస్టారు ఆ పాఠం చెప్తున్నప్పుడు ఆ బెంచీ వైపు నేను తిరిగి చూడలేకపోయాను.

ఆ ప్రశ్న ఆగిపోయిన ఏడు కూడా ఒకటి ఉంది, పత్తి పోయిన ఏడు. 1987.

మా వైపు రైతులకి పత్తి మీద అప్పుడు ఎంత ఆశ అంటే, సొంతచేను చాలక కౌలుకి పరిగెత్తేవాళ్లు. సాగర్ కుడికాలవ నీళ్లు 1967లో వదిలాక నేల విలువ మారిపోయింది. పచ్చపురుగుకని కొత్తగా వచ్చిన సింథటిక్ పైరిత్రాయిడ్లు చల్లారు. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ చల్లారు. పచ్చపురుగు సంగతేమోగానీ, చేలో ఉండే సాలీళ్లు, అక్షింతల పురుగులు, ఇంకా కంటికి ఆనని నేస్తాలన్నీ చచ్చిపోయాయి. వాటి అడ్డు పోయేసరికి తెల్లదోమ పెట్రేగింది. మొక్కని కదిలిస్తే తెల్లగా పొగలా లేచేది. అది రసం పీల్చి జిగురు వదిలితే, ఆ జిగురు మీద నల్లటి మసి పట్టేది. విచ్చిన పత్తి వేళ్లకి అంటుకునేది. ఎకరానికి పెట్టిన పెట్టుబడిలో పావు వంతు కూడా రాలేదు. ఆ ఏడాదీ ఆ మరుసటి ఏడాదీ ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో పదుల సంఖ్యలో పత్తి రైతులు పురుగుల మందు తాగి చనిపోయారు. చేలో చల్లగా మిగిలిన డబ్బాలే వాళ్ల ఇళ్లలో ఉన్నాయి. మా ఊళ్లో ఒకాయన పోయాడు, వెనకవీధిలో.

మా పక్కింటి బాబాయి ఆ ఏడు ఆరెకరాలు కౌలుకి చేశాడు. నేను ఎదురైనప్పుడల్లా తెలిసి తెలిసీ "ఎవరబ్బాయివిరా నువ్వు?" అని నవ్వించే మనిషి. మొదట మందుల కొట్టు ఉన్న బజారుకి వెళ్లడం మానేశాడు, అక్కడ అరువు ఉంది కాబట్టి. తర్వాత టీ బంకు మానేశాడు, అక్కడ బాకీల వాళ్లు ఉంటారు కాబట్టి. తర్వాత గడ్డం గీసుకోవడం మానేశాడు. ఒకరోజు వీధిలో ఎదురైతే నన్ను చూసి ఏమీ అడగలేదు. ఆ ప్రశ్న కోసం నేను ఒక నిమిషం అక్కడే నిలబడ్డాను. ఆయన నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

వెనకవీధి ఆయన పోయిన మర్నాటి నుంచి నాయనమ్మ ఒక పని మొదలుపెట్టింది. సాయంత్రం నా చేతిలో చిన్న ఇత్తడి గిన్నె పెట్టి, "బాబాయి వాళ్లింటికి పొయ్యి తోడుకి రెండు చుక్కల మజ్జిగ అడుక్కురా. దీపాలు పెట్టకముందే పో, పెట్టాక ఇవ్వరు" అనేది. మా ఇంట్లో రెండు బర్రెలు ఈనాయి, ఉట్టి మీద కుండనిండా పెరుగు ఉంది. ఆ మాటే అంటే, "అడిగిన పని చెయ్యి. పిన్నిని అడగమాక, బాబాయినే అడుగు" అంది.

రోజూ వెళ్లేవాణ్ని. బాబాయి మంచం మీద అటు తిరిగి పడుకుని ఉండేవాడు. "బాబాయ్, నాయనమ్మ తోడు అడగమంది" అనేవాణ్ని. మొదటిరోజు పలకలేదు. పిన్ని లేవబోతే, నాయనమ్మ చెప్పింది గుర్తొచ్చి మళ్లీ అడిగాను. చాలాసేపటికి లేచి, కుండ మూత తీసి, రెండు చుక్కలు పోసి గిన్నె ఇచ్చాడు. ముఖం చూడలేదు. మూడోరోజో నాలుగోరోజో "మీ బర్రెలు ఒట్టిపొయ్యాయా ఏంది?" అన్నాడు. నేను లేదన్నాను. ఇంకేం అడగలేదు గానీ గిన్నె అందిస్తూ నా వంక చూశాడు. అట్లా రెండు నెలలు నడిచింది. తెచ్చిన మజ్జిగని నాయనమ్మ పారబోసేది కాదు, దాంతోనే ఆ రాత్రి పాలు తోడుపెట్టేది.

ఆ గిన్నె వల్లే ఆయన బతికాడని నేను చెప్పను. పిన్ని ఉంది, పిల్లలున్నారు, ఆయన బావమరిది వచ్చి కొంత బాకీ సర్దాడు. రెండెకరాలు అమ్ముకుని గుంటూరు పోయి యార్డులో ముఠా పనికి కుదిరాడు. కానీ పలకరింపు అనే మాటలోనే పలుకు ఉంది. పలకరించడమంటే నీ మాట నువ్వు చెప్పి రావడం కాదు, ఎదుటి మనిషి చేత ఒక పలుకు పలికించడం. పలకకుండా రోజులు గడిచేకొద్దీ మనిషి తనకి తానే కనపడకుండా పోతాడు. బడిముఖం చూడని నాయనమ్మకి ఆ సంగతి క్షుణ్ణంగా తెలుసు. పాలకి తోడు ఎంత కావాలో, మనిషికీ అంతే చాలని తెలుసు.

పదో తరగతిలో మమ్మల్ని నాగార్జునకొండకి విహారయాత్రకి తీసుకెళ్లారు. విజయపురి సౌత్ దగ్గర లాంచీ ఎక్కాం. కింద ఇక్ష్వాకుల నగరం, విహారాలు, ఘట్టాలు అన్నీ మునిగి ఉన్నాయని, మునగకముందు ఆరేళ్లపాటు తవ్వి కొన్ని కట్టడాల్ని కొండ మీదికి చేర్చారని గైడు చెప్పాడు. ఆచార్య నాగార్జునుడి పేరు అప్పుడే మొదటిసారి శ్రద్ధగా విన్నాను. ఆయన మూలమధ్యమకకారికలు చాలా ఏళ్ల తర్వాత ఒక మిత్రుడి సాయంతో చదివాను. అందులో సగం నా తలకెక్కలేదు. ఎక్కినంతలో ఒకటి నన్ను వదల్లేదు. ఏ వస్తువుకీ తనంతట తానుగా నిలిచే స్వభావం లేదు, ప్రతిదీ ఇంకొకదాన్ని ఆనుకునే ఉంటుంది, దాన్నే శూన్యం అంటున్నాను అని ఆయన వాదన. శూన్యమంటే ఏమీ లేకపోవడం అనుకున్నవాణ్ని, ఒంటరిగా ఏదీ లేకపోవడం అని అర్థమయ్యాక పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చున్నాను. సాలీళ్లు చచ్చిన చేను కళ్ల ముందు మెదిలింది. బాబాయి మంచం, ఇత్తడి గిన్నె గుర్తొచ్చాయి. ఆ లోయని ముంచి నిలిపిన నీళ్లే కాలవలో పారి మా మిరపచేలకి వచ్చాయి. ఆ నీళ్లనే నేను చెంబుతో పైనుంచి పోశాను.

నాయనమ్మ గురించి ఎప్పుడు ఆలోచించినా నా ఆలోచన ఇక్కడే ఆగిపోతుంది. పక్కింటి మనిషి పలకడం మానేస్తే ఆవిడకి నిద్రపట్టలేదు. కల్లంలో అమ్మలాంటి మనిషి మండే చేతులతో నీళ్లు తాగుతుంటే అటు చూడలేదు. రెండూ ఒకే మనిషి. ఆవిడ మనసు చిన్నదని నేను ఒప్పుకోను. కానీ ఆ గిన్నె ఎంతదూరం వెళ్లాలో ఊరు ముందే గీత గీసి పెట్టింది, ఆవిడ ఆ గీత లోపలే మహా గొప్పగా ప్రేమించింది. నేనూ ఆ గీత లోపలే పెరిగాను. నన్ను నాకు చూపించిన మనిషి మాత్రం గీత అవతల ఉంది.

ఆవిడ పేరు నాకు తెలియదు. తొమ్మిదేళ్లప్పుడు తెలియదు, ఈ వ్యాసం మొదలుపెట్టినప్పుడూ తెలియదు. పోయిన నెల ఊళ్లో ఉన్న మిత్రుణ్ని కనుక్కోమంటే ఆవిడ కూతురి ఫోన్ నంబరు పంపాడు. రెండు రోజులు ఆలోచించి చేశాను. అవతల ఒక గొంతు "ఎవరండీ?" అంది. నా పేరు చెప్పాను. ఆమెకి అర్థం కాలేదు. ఉద్యోగం చెప్పాను, ఉన్న ఊరు చెప్పాను. "ఎవరి తాలూకండీ?" అంది.

మా నాన్న పేరు చెప్పి, "వాళ్ల అబ్బాయినమ్మా. కల్లంలో మీ అమ్మగారికి నీళ్లు పోసేవాణ్ని" అన్నాను.

కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత, వాళ్లమ్మ పోయి పదకొండేళ్లయిందని చెప్పింది. చివరిదాకా మిరప పనికే వెళ్లిందట. నేను పేరు అడిగాను, ఆమె చెప్పింది, కాగితం మీద రాసుకున్నాను. అదే పేరు పెట్టుకున్న మనవరాలు ఇప్పుడు గుంటూరులో నర్సింగ్ రెండో ఏడు చదువుతోంది.